గాలి మళ్ళేదాకా అక్కతో తూత్తుకుడిలో

మా సరోజక్కకు అరవై మూడేళ్ళు. పుట్టిందీ మెట్టిందీ ఒకే ఊరు. బావి నీళ్ళూ బోరు నీళ్ళూ తప్ప ఆమె ఇంకో నీళ్ళు ఎరగదని నా గట్టి నమ్మకం. జనవరిలో ఒక పొద్దున ఆమె కొడుకు సెంథిల్ నాకు ఫోను చేశాడు. గోడకు అవతల ఇల్లు వాడిది. కేక వేస్తే వినపడేదానికి ఫోను చేశాడంటేనే నాకు గుండె జారింది.

"మామా, అమ్మ తిరుచ్చెందూరు పోలేదు మామా. తూత్తుకుడిలో ఉండాది. తెరచాప పడవెక్కి మాల్దీవులకు పోతాదంట. గాలి సరిలేదని కాచుకోని ఉండారంట. మీరు పొయ్యి పిలుచుకొని రాండి మామా. నా మాట వినేట్టు లేదు."

చేతిలో ఉన్న కాఫీ సగం చొక్కా మీద, సగం పేపరు మీద పడింది. ఏడాదిగా ప్రతి నెలా కృత్తిక రోజున అక్క తిరుచ్చెందూరు మురుగన్ దగ్గరికి పోయి వస్తూ ఉంది. బావ పోయి తొమ్మిదేళ్ళయింది, పాపం భక్తిలో పడిందని మేమందరం మెచ్చుకున్నాం. మా ఆవిడ ప్రతిసారీ కర్పూరం కొనిచ్చేది. తీరా చూస్తే ఆ పక్కనే ఉన్న తూత్తుకుడిలో పడవ నడపడం నేర్చుకుంటోందట! నేను కుర్చీలో కూలబడి, "మురుగా" అన్నాను. ఆయనకు కూడా ఆమె ఎన్నిసార్లు కనిపించిందో అనుమానమే.

ఇది చదివేవాళ్ళకు మా సంగతి రెండు ముక్కలు చెప్పాలి. మాది కోయంబత్తూరుకు దక్షిణాన ఒక తెలుగు ఊరు. మా పెద్దలు నల్లరేగడి వెతుక్కుంటూ ఎన్ని తరాల కిందట వచ్చారో మాకే తెలీదు. ఇంట్లో తెలుగు, వాకిలి దాటితే అరవం. తెలుగు రాయడం చదవడం మాలో చాలామందికి రాదు. నేను పంపుసెట్లు అమ్ముకుంటూ ముప్పయ్యేళ్ళు నెల్లూరు, అనంతపురం తిరిగినవాణ్ణి కాబట్టి, బస్సు బోర్డులతో మొదలుపెట్టి పేపరు దాకా వచ్చాను. ఆ ధైర్యంతోనే ఇది రాస్తున్నాను.

పళని

కారు తీసుకుని ఒక్కణ్ణే బయల్దేరాను. పళని రాగానే కొండ కింద ఆపి, ఎండలో నిలబడి మొక్కుకున్నాను. "సామీ, మా అక్క మనసు మళ్ళేదాకా సముద్రం మీద గాలి మళ్ళకూడదు. గుండు కొట్టించుకుంటాను." ఇలాంటి మొక్కు అంతవరకు ఎవరైనా మొక్కారో లేదో. మావాళ్ళు వాన కోసం మొక్కుతారు, బోరులో నీళ్ళ కోసం మొక్కుతారు. తుపాను నిలిచి ఉండాలని మొక్కినవాణ్ణి మా వంశంలో నేనే అయి ఉంటాను. నాకే కొంచెం భయమేసి, "ఎవరికీ నష్టం లేకుండా" అని చివర్లో కలిపాను.

కొండ కింద పంచామృతం అమ్మే ఆయన నా మొహం చూసి, ఇంట్లో ఎవరికైనా బాగాలేదా అని అడిగాడు. అక్క సముద్రం మీద పోతోందని చెప్పాను. ఆయన డబ్బా మూత పెడుతూ, "ఇది నెల రోజులు చెడదు, పడవలోకి బాగుంటుంది, రెండు తీసుకోండి" అన్నాడు. ఆశ్చర్యపోవడం అటుంచి వ్యాపారం చూసుకున్నాడు. రెండూ తీసుకున్నాను.

ఒట్టన్‌చత్రం

ఒట్టన్‌చత్రంలో కూరగాయల మార్కెట్టు దగ్గర లారీల మధ్య ఇరుక్కుని ఉండగా అక్క ఫోను చేసింది. నేను వస్తున్న సంగతి సెంథిల్ చెప్పేశాడట. తిడుతుందనుకుని గొంతు సవరించుకున్నాను.

"సుబ్బూ, యాడ ఉండావు? ఒట్టన్‌చత్రమా? మంచిదాయె. పచ్చి టమాటాలు తీసుకోరా, పండినివి వొద్దు. చిన్న ఎర్రగడ్డలు మట్టితో ఉండేవి చూడు, కడిగినవి వొద్దు. మునక్కాయలు లేతవి. పడవలో ఫ్రిజ్జు లేదు."

"అక్కా, నేను నిన్ను పిలుచుకొని పోవడానికి వస్తున్నా."

"రా రా. వచ్చేటప్పుడు అవి తీసుకొని రా."

ఫోను పెట్టేసింది. అక్కడి కాటా దగ్గర కేరళ లారీకి బేరం ఆడుతున్న వ్యాపారి, మట్టి ఎర్రగడ్డలే కావాలని నేను పట్టుబడితే ఎగాదిగా చూశాడు. మా ఊళ్ళో అంగడిలో అడిగే ధరలో సగానికి కూడా తక్కువ చెప్పాడు. సంచులు కారులో వేసుకున్నాక గానీ నాకు తట్టలేదు, ఆపడానికి పోతున్నవాణ్ణి ప్రయాణానికి సరుకులు మోస్తున్నానని.

వాడిపట్టి

వాడిపట్టిలో మా అమ్మకు అక్క, మా పెద్దమ్మ ఉంది. మధురై వైపు ఉన్న మా బంధువుల్లో ఆమె మాటకు ఎదురు లేదు. ఆమె చేత ఫోనులో అక్కను నాలుగు చీవాట్లు పెట్టిస్తే పని అయిపోతుందని నా ఎత్తు. సంగటి, మేము కొళంబు అనే నాటుకోడి పులుసు పెట్టి, తినేదాకా ఒక్క మాట మాట్లాడనివ్వలేదు. మావైపు కొళంబులో కొబ్బరి వేస్తాం. అక్కడ వేయరు, మిరియం ఎక్కువ. కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగా విషయం చెప్పాను.

పెద్దమ్మ నాకు ఇంకో ముద్ద వడ్డించింది. తర్వాత, "పడవలో పడుకొనేదానికి చోటు ఉంటాదా నాయనా?" అంది.

"ఉంటుందేమో పెద్దమ్మా. నువ్వు ఆమెకు ఫోను చేసి..."

"ఎంతమందికి చోటు?"

ముద్ద గొంతులో అడ్డం పడింది. ఎనభై ఏడేళ్ళ మనిషి! ఇంకొకరికి చోటుందా అని అడగబోతోందని అర్థమై నేను నీళ్ళ చెంబు అందుకున్నాను. నా మొహం చూసి ఆమె పళ్ళు లేని నోటితో నవ్వింది. చీవాట్లు పెట్టలేదు సరికదా, అక్కకిమ్మని ఒక డబ్బా నిండా మురుకులు కట్టించింది. కారు వెనక సీటు ఇక నిండిపోయింది.

తూత్తుకుడి రేవు

రోడ్డుకు రెండు పక్కలా తెల్లని ఉప్పు కుప్పలు మొదలయ్యేసరికి గాలి కారును పక్కకు నెట్టసాగింది. నాకు ప్రాణం లేచి వచ్చింది. మొక్కు పని చేస్తోంది. రేవు దగ్గర స్తంభం మీద తుపాను గుర్తు ఎగరేసి ఉంది. కూండు ఎక్కించారు అంటారు అక్కడివాళ్ళు. అది ఉన్నంతవరకు దూరం పోయే పడవలు కదలకూడదు. తీరం పక్కన వలలు వేసుకునే చిన్న పడవలు మాత్రం గాలి కాస్త తగ్గిన పూట పోయి వస్తున్నాయి.

పాత రేవులో, సరుకు మోసే పెద్ద చెక్క తోణుల పక్కన అక్క ఎక్కబోయే పడవ కట్టి ఉంది. దాన్ని చూసి నేను ఇంకొకటి ఉందేమోనని వెనక్కి చూశాను. మా ఊళ్ళో పత్తి మూటలు తోలే టెంపో కంటే కొంచెం పొడుగు, అంతే. ఆ పడవ గోపాలన్న అనే ఆయనది. ఆయనా, ఆయన భార్య లీలమ్మా మధురై తెలుగువాళ్ళే. ఆయన సరుకు ఓడల్లో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. లీలమ్మ, మా అక్క చిన్నప్పుడు కోయంబత్తూరు హాస్టల్లో కలిసి చదువుకున్నారు. రాత్రింబగళ్ళు వంతులేసుకుని పడవ నడపడానికి ఇద్దరు చాలరు, మూడో మనిషి కావాలి. ఆ మూడో మనిషి మా అక్క.

"మా అక్క ఏది?" అని అడిగాను.

గోపాలన్న పైకి చూపించాడు. తెరచాప కొయ్య సగం ఎత్తులో, ఒక గుడ్డ ఊయల లాంటిదాంట్లో కూచుని, ఎవరో ఏదో తాడు సరిచేస్తున్నారు. నీలం ప్యాంటు, మగవాళ్ళ చొక్కా, టోపీ. నేను అక్కను చీరలో తప్ప చూసింది లేదు. బావ పోయాక ఆ చీరలు కూడా బూడిదరంగువే. నేను అక్కడి ఇనుప గుంజ పట్టుకున్నాను.

"ఏమిరా సుబ్బూ, పచ్చి టమాటాలు తెస్తివా?" అని పైనుంచి అరిచింది.

లోపలికి దిగి చూస్తే, పడుకోవడానికి పలకలు, ఊగే స్టవ్వు, మూలన ఒక చిన్న చేతిపంపు. నేను పంపులవాణ్ణి కదా, ప్రపంచంలో పంపు లేని చోటు లేదని సంతోషించి దాని పిడి ఆడించాను. అది మరుగుదొడ్డి పంపు అని లీలమ్మ మర్యాదగా చెప్పాక వెనక్కి జరిగాను.

ఆ సాయంత్రం రేవు గోడ మీద కూచుని అక్కతో మొదలుపెట్టాను.

"నీకు ఈత కూడా రాదు కదక్కా."

"వచ్చును. బావిలో నీకు నేర్పించింది ఎవురు? నడుముకు సొరకాయ కట్టి తోసింది?"

నిజమే. మాట మార్చి, ఎందుకు పోతున్నావని అడిగాను. దుఃఖమా, కొడుకుతో కోపమా, కోడలు ఏమన్నా అనిందా.

"అదేమీ లేదురా. లీల 'వస్తావా' అనె. అరవై ఏండ్లలో నన్ను వస్తావా అని అడిగినోళ్ళు లేరు. రా అంటారు. ఉండు అంటారు. అంతే. ఆమె అడిగినప్పుడు నాకు ఏం చెప్పాల్నో తెలీక రెండు దినాలు తిండి తినలేదు."

ఆకాశం చూశాను. నల్లగా ఉంది, అదొక్కటే ధైర్యం.

కూండు దిగలేదు

గోపాలన్న లెక్క ఇది. మాల్దీవుల వైపు అల్పపీడనం ఉంది, గాలి నైరుతి నుంచి ఎదురు కొడుతోంది. అది పోయి, ఉత్తరపు వాడ గాలి మళ్ళీ పట్టుకుంటే, వెనకనుంచి తోసుకుంటూ తీసుకుపోతుంది. కానీ వారంలోగా పట్టుకోకపోతే ఈ ఏటికి ప్రయాణం లేదు, తీసుకున్న అనుమతుల గడువు అయిపోతుంది. అంటే వాన ఎన్ని రోజులుంటే నాకు అంత లాభం. నేను లాడ్జిలో గది తీసుకుని, వాన చూస్తూ, పొరోటాలు తింటూ కూచున్నాను.

అక్కడి పొరోటా నూనెలో వేయించి కరకరలాడిస్తారు. మొదటి రోజు మాడిపోయిందని వెనక్కి పంపబోయాను. సర్వరు నన్ను చూసి, "కోయంబత్తూరా?" అన్నాడు. జీడిపప్పు మకరూన్లు కొన్నాను. నోట్లో వేసుకుంటే మిగిలేది ఏమీ లేదు, ధర మాత్రం మా ఊరి మైసూరుపాకుకు అక్కలా ఉంది. మావైపు ఎవరైనా ఎదురైతే తిన్నావా అని అడుగుతాం. ఇక్కడ గాలి ఎట్లుంది అని అడుగుతారు. మూడో రోజుకి నేను కూడా టీ కొట్టు వాణ్ణి అదే అడుగుతున్నాను, కాకపోతే వాడు బాగాలేదంటే నేను నవ్వుతున్నాను.

సెంథిల్ పూటకోసారి ఫోను. "మామా, అమ్మ ఏమంటా ఉంది?" వాన పడుతోందని చెప్పేవాణ్ణి. అక్క మాత్రం రోజూ పొద్దున టోపీ పెట్టుకుని తాళ్ళు చుట్టడం, ముడులు వేయడం. ఒక్కసారి కూడా నన్ను కసురుకోలేదు. అదే నాకు ఎక్కువ భయంగా ఉండింది.

ఉప్పు గోదాము వెనక

ఒక మధ్యాహ్నం వాన తెరిపి ఇచ్చింది. చిన్న పడవలు నాలుగైదు బయల్దేరుతున్నాయి. లీలమ్మ నా దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అడిగింది.

"తమ్ముడూ, ఒకటి అడుగుతా, తప్పుగా అనుకోవద్దు. ఏ పడవ కదిలినా మీ అక్క ఆ ఉప్పు గోదాము వెనక్కి పోతాది. అది పోయినంక వస్తాది. మొదట ఒంటికి పోతాదేమో అనుకుంటిని. ప్రతిసారీనా? అడిగితే ఏమీ లేదంటాది."

నేను పోయి చూశాను. గోదాము వెనక, తడి గోడకు ఆనుకుని, టోపీ చేతిలో పట్టుకుని, అక్క నిలబడి ఉంది. వానకు తలదాచుకోవడానికి కాదు, వాన లేదు. పడవ మోటారు చప్పుడు దూరమయ్యేదాకా చెవి పెట్టి వింటోంది.

"ఇక్కడ ఏం చేస్తున్నావక్కా?"

"ఏమీ లేదురా. వాళ్ళు బయలెళ్ళేటప్పుడు నేను ఎదురు ఉండగూడదు గదా. కడలి మీదికి పోయే బిడ్డలు."

నాకు మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. మొగుడు పోయిన ఆడది ఎదురొస్తే పోయే పని చెడుతుందని మావైపు ఒక పట్టింపు ఉంది. ఉంది అంటే, ఎప్పుడో ముసలమ్మల కాలంలో ఉండేది, ఇప్పుడెవరు చూస్తారులే అని నేను అనుకుంటూ ఉన్నాను.

"ఎవరన్నారు నిన్ను? సెంథిల్ అన్నాడా? కోడలు అనిందా?"

"ఎవురూ అనలేదు. అననిచ్చేదాకా ఎందుకు ఉండాల? మీ బావ పొయ్యినప్పటి నుంచి నేనే పక్కకు పోతా ఉండాను. పొద్దున సెంథిల్ బండి చప్పుడు వింటే పశువుల కొట్టంలోకి పోతా. నీ కారు చప్పుడు వేరే, అదీ తెలుసు నాకు. నీ కూతురు పెండ్లికి మీరు బయలెళ్ళినప్పుడు కొట్టంలోనే ఉంటిని. నువ్వు 'అక్క యాడ' అంటే మీ ఆవిడ 'ఆవుకు మేత వేస్తా ఉండాది' అనె. నేను వింటా ఉంటిని."

ఇన్నాళ్ళ తర్వాత కూడా ఈ మాటలు రాస్తుంటే నా చెయ్యి ఆగుతోంది. పొద్దునే ఆమె కొట్టంలో ఉండడం రోజూ చూశాను. పశువులంటే ప్రేమ అని పదిమందికి చెప్పాను. గోడకు ఇవతల నేను, అవతల ఆమె, తొమ్మిదేళ్ళు. సముద్రం మీద పోతానన్నప్పుడు కలిగిన దిగ్భ్రాంతి దీని ముందు ఏపాటిది! ఆ తడి గోడ దగ్గర నాకు ఏడుపొచ్చింది. అక్క కంగారుపడి, "ఏమిరా, ఏమాయె, పొరోటా పడలేదా" అని నా వీపు తట్టింది.

రబ్బరు ముక్క

మరునాడు నాకు పొద్దుపోక, గోపాలన్నను అడిగి పడవ అడుగున ఉన్న పంపు చూశాను. ఇది మంచి పంపే. పడవలోకి ఊరిన నీళ్ళు బయటికి తోసేది. తోలు, రబ్బరు, ఒక స్ప్రింగు, మా వర్క్‌షాపులో పిల్లలు ఆడుకునేంత సులువైన వస్తువు. విప్పి చూస్తే లోపలి రబ్బరు మూత బిగుసుకుపోయి అంచున చీలి ఉంది. ఇంకో వంద తోపులకు ఊడిపోతుంది.

చేతిలో పట్టుకుని కూచున్నాను. ఈ ఒక్క ముక్క చూపించి, పడవ అడుగే సరిగా లేదు అని అరిస్తే చాలు. సెంథిల్ వస్తాడు, బంధువులు వస్తారు, గోపాలన్న కూడా అనుమానంలో పడతాడు, వారం ఇట్టే గడిచిపోతుంది. పడవ మీదినుంచి అక్క, లీలమ్మల మాటలు వినిపిస్తున్నాయి. హాస్టల్లో వార్డెనును ఎలా ఏడిపించారో చెప్పుకుని నవ్వుతున్నారు. అక్క అంత గట్టిగా నవ్వుతుందని నాకు జ్ఞాపకమే లేదు.

లేచి బజారుకు పోయాను. సరైన రబ్బరు ఎక్కడా దొరకలేదు. చివరికి ఒక లారీ ట్యూబులు అతికేవాడి దగ్గర మందం చూసి కొని, అక్కడే కత్తిరించి, తెచ్చి బిగించాను. నీళ్ళు పోసి ఆడించాను. చక్కగా తోసింది. ఇంకో రెండు ముక్కలు కత్తిరించి అక్క చేతికిచ్చి, ఎలా మార్చాలో చూపించాను. ఆమె ఒకసారి విప్పి బిగించింది. ఆ పూట పళని వైపు తిరిగి, సామీ, మొక్కు వాపసు తీసుకుంటున్నాను అని చెప్పుకున్నాను. అలా తీసుకోవచ్చో లేదో ఏ పూజారినీ అడగలేదు.

సెంథిల్ ఫోను చేస్తే, "మీ అమ్మ పోతుందిరా" అన్నాను. "మామా, మీరే ఇట్ల అంటే!" అని వాడు అరిచాడు. రోజూ పొద్దున ఆమె కొట్టంలో చాటయ్యే సంగతి వాడికి చెప్పాను. ఫోను తెగిపోయింది.

వాడ గాలి

రెండు రోజులకు, పొద్దున లాడ్జి కిటికీ తెరవగానే మొహానికి చల్లటి గాలి తగిలింది. ఉత్తరం వైపు నుంచి. ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. రేవు స్తంభం మీద కూండు లేదు. టీ కొట్టు వాడు నన్ను చూసి, "గాలి మళ్ళింది" అని సంబరంగా చెప్పాడు. నేను టీ తాగకుండానే రేవుకు నడిచాను.

అక్క క్షేమంగా చేరిందని ఇక్కడే చెప్పేస్తున్నాను. చేరాం, మురుకులు అయిపోయినాయి, అని మెసేజ్ వచ్చింది. ఇప్పుడే ఎందుకు చెబుతున్నానంటే, ఇక మిగిలింది చెప్పాక నాకు వేరే ఏమీ చెప్పబుద్ధి కాదు.

కాగితాల పని ముందురోజే అయిపోయింది. లీలమ్మ నిమ్మకాయలు తొక్కించి, కర్పూరం తిప్పింది. ఆమె పసుపూ కుంకుమతో నిండుగా ఉంది కాబట్టి, బయల్దేరేటప్పుడు ఆమె పడవ ముందు వైపు నిలబడితే చాలు, అంతా శుభం అని నాకు లోపల ఒక తృప్తి. పట్టింపు లేదనుకునే నేను! సెంథిల్ ఉదయమే బస్సు దిగి నేరుగా రేవుకి వచ్చాడు. తల్లిని పోవద్దనలేదు. వంగి ఆమె కాళ్ళు పట్టుకుని, లేవకుండా అలాగే ఉన్నాడు. అక్క వాడి తల నిమిరి, "మేత వేసినావా పశువులకు?" అంది. వాడు తల ఊపాడు. అక్క పడవెక్కింది.

గోపాలన్న తాడు విప్పబోతున్నాడు. అప్పుడు గట్టు మీద ఎండుచేపల బుట్ట నెత్తిన పెట్టుకుని ఒక ముసలామె వస్తోంది. రోజూ చూస్తున్న మనిషే, బోసి మెడ, వెలిసిపోయిన తెల్లచీర. కదలబోతున్న పడవను చూసి గతుక్కుమని ఆగింది. గబగబా వెనక్కి తిరిగి, వలల కుప్ప చాటుకు పోయి నిలబడింది. ఇక్కడ కూడానా అని నేను నిర్ఘాంతపోయాను.

అక్క చూసింది. "అన్నా, ఉండు" అంది గోపాలన్నతో. పడవ దిగింది. నాకు తెలిసిపోయింది ఏం చేయబోతోందో. సముద్రం మీదికి పోతూ, కోరి కోరి! వద్దక్కా అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. సెంథిల్ మొహం కూడా పాలిపోయింది. ఇద్దరం నోరు తెరవలేదు.

అక్క వలల చాటుకు పోయి, ముసలామె చెయ్యి పట్టుకుని అరవంలో ఏదో చెప్పింది. ఆమె చెయ్యి విడిపించుకుని, "వద్దు తల్లీ, పడవ పోతోంది, నేను పాపిష్టిదాన్ని" అని అడ్డంగా తల ఊపుతోంది. అక్క తన బోసి మెడ చూపించింది. ముసలామె ఆ మెడ వైపు, ఆ ప్యాంటు వైపు, మళ్ళీ మెడ వైపు చూసింది. అక్క ఆమెను నడిపించుకుంటూ తెచ్చి, గట్టు అంచున, సరిగ్గా పడవకు ఎదురుగా నిలబెట్టింది. బుట్ట సర్దింది. తర్వాత మళ్ళీ ఎక్కి, "ఇప్పుడు పోదాం" అంది.

గోపాలన్న నా వైపు ఒక్కసారి చూసి, తాడు విప్పాడు. తెరచాప విచ్చుకుంది. వాడ గాలి పట్టుకుని పడవ పక్కకు ఒరిగి, ఎవరూ తోయకుండానే ముందుకు సాగింది. అక్క వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది, మా ముగ్గురికీ. ముసలామె బుట్ట కింద పెట్టేసి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, రెప్ప వేయకుండా చూస్తోంది. పడవ రేవు గోడ దాటి, చిన్నదై, తెల్లగా మిగిలేదాకా చూసింది.

భయపడకమ్మా, ఏమీ కాదు అని ఆమెకు చెప్పబోయాను. నిజానికి భయపడుతున్నది నేను. ఆమె నా వైపు తిరగకుండానే అంది.

"నాకు ముగ్గురు కొడుకులయ్యా. ముగ్గురూ సముద్రం మీదికి పోయేవాళ్ళే. వాళ్ళ పడవలు తిరిగి రావడం చూశాను. పోవడం ఎట్లా ఉంటుందో ఇవ్వాళే చూస్తున్నాను."